సూర్యుడు కనిపించనప్పుడు

పల్లెల్లో పాతతరం వాళ్లు చెప్పే అనుభవం ఒకటుంది. పొరుగూరి సంతకు వెళ్లినవాడు చీకటిపడ్డాక పొలాలకు అడ్డంపడి ఇంటికి బయల్దేరతాడు. గంటసేపు నడిచాక చూస్తే ఎదురుగా ఇందాక దాటిన చింతచెట్టే ఉంటుంది. మళ్లీ నడుస్తాడు. మళ్లీ అదే చెట్టు. తెల్లారాక ఊళ్లో అందరూ "రాత్రంతా దయ్యం తిప్పింది" అంటారు. దయ్యం మాట పక్కన పెడితే, ఆ మనిషి గుండ్రంగా తిరిగాడన్నది మాత్రం నమ్మదగ్గ విషయమే. మనుషులు నిజంగానే అలా తిరుగుతారని 2009లో జర్మనీలో ఒక పరిశోధన నిరూపించింది.

ట్యూబింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పనిచేసే యాన్ సౌమన్ బృందం ఈ పరిశోధన చేసింది. కొందరిని పెద్ద అడవిలోకి, మరికొందరిని ట్యునీషియాలోని సహారా ఎడారిలోకి తీసుకెళ్లి, "ఒకే దిక్కున నేరుగా నడవండి" అని చెప్పి వదిలారు. ఎవరు ఎటు నడిచారో జీపీఎస్ పరికరాలతో నమోదు చేశారు. ఎండ కాస్తున్నప్పుడు అడవిలో నడిచినవాళ్లు గంటలకొద్దీ దాదాపు నేరుగానే వెళ్లారు. మబ్బు పట్టిన రోజు నడిచినవాళ్లు గుండ్రంగా తిరిగారు, వాళ్లలో చాలామంది తాము అంతకుముందు నడిచిన చోటునే దాటారు, ఆ సంగతి గమనించనైనా లేదు. ఎడారిలో వెన్నెల్లో నడిచిన మనిషి, చంద్రుడు మబ్బుల చాటుకు వెళ్లిన కాసేపటికే పక్కకు మళ్లాడు. కళ్లకు గంతలు కట్టి నడిపిస్తే వలయాలు మరీ చిన్నవయ్యాయి. కొన్ని 20 మీటర్ల వెడల్పు కూడా లేవు.

మనిషికి ఒక కాలు కాస్త పొడవుగా ఉండటం వల్ల అలా తిరుగుతాడని చాలామంది అనుకునేవారు. ఆ లెక్క నిలబడలేదు. ఒకే మనిషి ఒకసారి కుడికి, ఇంకోసారి ఎడమకు తిరిగాడు. అసలు కారణం వేరు. "ఇదే నేరు" అనే భావాన్ని చెవి లోపలి సమతుల్య అవయవాలు, కండరాలు, కళ్లు కలిసి మెదడుకు అందిస్తాయి. అడుగడుగునా అందులో చిన్న పొరపాటు ఉంటుంది. ఒక్క అడుగులో అది లెక్కలోకి రాదు. బయటి గుర్తు ఏదైనా కనబడుతుంటే మెదడు ఆ పొరపాటును ఎప్పటికప్పుడు సరిచేసుకుంటుంది. గుర్తు లేనప్పుడు పొరపాటు మీద పొరపాటు పేరుకుని "నేరు" అనే భావమే మెల్లగా పక్కకు ఒరిగిపోతుంది. మనిషి మాత్రం తాను తిన్నగానే నడుస్తున్నానని గట్టిగా నమ్ముతుంటాడు.

దారి తప్పడంలోని అసలు ఇబ్బంది ఇదే. తప్పుదారిలో ఉన్నప్పుడు కూడా కాళ్ల కింద నేల గట్టిగానే ఉంటుంది, మనసులో ధైర్యం కూడా తగ్గదు. కాబట్టి "నాకు తెలుస్తోంది" అనే నమ్మకాన్ని సాక్ష్యంగా తీసుకోలేం. మనకు బయట ఉండే సాక్ష్యం ఒకటి కావాలి.

ఈ విషయాన్ని ఎంతో ఓపికగా ఆచరణలో పెట్టినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. కుమావూ కొండల్లో, జోహార్ లోయలోని మిలం గ్రామంలో బడిపంతులుగా పనిచేసిన నైన్ సింగ్ రావత్ వాళ్లలో ముఖ్యుడు. పంతులు కాబట్టే సర్వే శాఖ ఆయనను "పండిట్" అని పిలిచింది. తర్వాత అదే రహస్యంగా వెళ్లిన సర్వేయర్లందరికీ పేరైంది. 1860లలో టిబెట్‌లోకి బయటివాళ్లకు ప్రవేశం లేదు. బ్రిటిష్ ఇండియా పటాల్లో హిమాలయాల అవతల ఖాళీ జాగా ఉండేది. అక్కడికి దుర్భిణులు, గొలుసులు మోసుకెళ్లి కొలవడం కుదరదు కాబట్టి డెహ్రాడూన్‌లో కెప్టెన్ మాంట్‌గోమరీ ఒక ఉపాయం వేశాడు. నేలను మనిషి కాళ్లతోనే కొలవాలి.

నైన్ సింగ్‌కు ముందుగా నేర్పింది నడక. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, చదునులో, రాళ్లలో ఒకే కొలత అడుగు వేయాలి. మైలుకు సుమారు 2,000 అడుగులు పడాలి. లెక్క తప్పకుండా ఉండేందుకు చేతికి ఒక జపమాల ఇచ్చారు. బౌద్ధుల మాలలో 108 పూసలుంటాయి. ఈ మాలలో 100 మాత్రమే. ప్రతి నూరు అడుగులకు ఒక పూస జరిపితే, మాల ఒకసారి తిరిగేసరికి పదివేల అడుగులు, అంటే ఐదు మైళ్లు. చేతిలోని ప్రార్థన చక్రం లోపల మంత్రాల కాగితం బదులు ఆ రోజు రాసుకున్న కొలతల చీటీలు ఉండేవి. ఎవరైనా దగ్గరికి వస్తే చక్రం తిప్పుతూ, పూసలు జరుపుతూ జపంలో ఉన్నట్టు కనబడేవాడు. యాత్రికుణ్ణి జపం మధ్యలో పలకరించడం మర్యాద కాదు కనుక లెక్కకు అంతరాయం కలిగేది కాదు.

ఇక్కడ ఆగి గమనించాల్సిన విషయం ఉంది. అడుగుల లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా అందులోనూ పొరపాట్లు పేరుకుంటాయి. మంచులో అడుగు కురచవుతుంది, అలసినప్పుడు ఇంకా కురచవుతుంది. అందుకే నైన్ సింగ్ ఒక్క లెక్కనే నమ్ముకోలేదు. పెట్టె అడుగున రహస్యంగా సెక్స్‌టెంట్, అంటే ఆకాశంలో నక్షత్రాల ఎత్తును కోణంగా కొలిచే పరికరం, ఉండేది. గవ్వల్లో దాచిన పాదరసాన్ని గిన్నెలో పోస్తే అది కదలని అద్దంలా, కృత్రిమ క్షితిజంగా, అంటే ఎత్తు కొలిచేందుకు ఆధారమయ్యే సమతలంగా పనికొచ్చేది. రాత్రి నక్షత్రాల ఎత్తు కొలిచి అక్షాంశం కట్టేవాడు. కర్రలో దాచిన ఉష్ణమాపకంతో నీళ్లు ఎంత వేడికి మరుగుతున్నాయో చూసి ఆ చోటు ఎత్తును అంచనా వేసేవాడు. కాళ్లు చెప్పిన లెక్కను ఆకాశం చెప్పిన దానితో సరిపోల్చుకోవడమే ఆయన పని అని చెప్పవచ్చు.

ఈ అక్షాంశం సంగతి ఎవరైనా ఇంటి డాబా మీద నిలబడి చూడొచ్చు. ధ్రువ నక్షత్రం ఆకాశంలో ఎన్ని డిగ్రీల ఎత్తులో కనబడితే మనం ఉన్న అక్షాంశం సుమారుగా అంతే. హైదరాబాద్‌లో అది ఉత్తరాన 17 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఢిల్లీలో 28 దాటుతుంది. చేయి బారచాచి పిడికిలి పెడితే ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు కప్పుతుంది. అంటే హైదరాబాద్‌వాళ్లకు రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ.

నైన్ సింగ్ 1865లో బయల్దేరి కాఠ్మాండూ మీదుగా 1866 జనవరిలో లాసా చేరాడు. తోడుగా బయల్దేరిన బంధువు మధ్యలోనే వెనుదిరిగాడు. లాసాలో చేతిలో డబ్బులైపోతే నేపాలీ వర్తకులకు మన లెక్కల పద్ధతి నేర్పి పూట గడుపుకున్నాడు. తిరుగు ప్రయాణంలో సాంగ్‌పో నది వెంబడి మానస సరోవరం వైపు నడిచాడు. మొత్తం 1,200 మైళ్లు, అంటే సుమారు 25 లక్షల అడుగులు. లాసాకు ఆయన కట్టిన అక్షాంశం ఇవాళ్టి లెక్కకు చాలా దగ్గరగా ఉంది. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. ఆ వరసలోనే వెళ్లిన కిషన్ సింగ్ అనే మరో పండిట్ దొంగల భయం వల్ల కొంతదూరం గుర్రమెక్కాల్సి వచ్చినప్పుడు గుర్రం అడుగులను లెక్కపెట్టాడు. అంత ప్రమాదంలోనూ వాళ్లు వదలకుండా పట్టుకున్నది "నేను ఇప్పుడు ఎక్కడున్నాను?" అనే ఒక్క ప్రశ్నను.

కొలిచే పరికరం లేనివాళ్లకూ ఈ పద్ధతి తెలుసు. జీపీఎస్ పెట్టెలు రాకముందు ఉత్తరాంధ్ర తీరంలో వేటకు వెళ్లే మత్స్యకారులు నీళ్ల అడుగున చేపలు దొరికే చోటును గుర్తుపెట్టుకున్నది ఒడ్డున ఉన్న గుర్తులతోనే. ఒక కొండ శిఖరం, దాని ముందు ఒక గుడిగోపురం ఒకే వరసలోకి వచ్చాయంటే పడవ ఒక గీత మీద ఉన్నట్టు. ఇంకో వైపు దీపస్తంభం, మరో కొండ కొన కలిశాయంటే రెండో గీత. రెండు గీతలు కలిసినచోట వల వేయాలి. ఒక్క గుర్తుతో చోటు తెలియదు. కనీసం రెండు వైపుల నుంచి సాక్ష్యం కావాలి. బడికి వెళ్లనివాళ్లు చేసుకున్న జ్యామితి ఇది. సర్వేయర్ల త్రిభుజాల లెక్కకు ఏ మాత్రం తీసిపోదు.

తెలుగులో దారి అనే మాట నేల మీద ఆగదు. పిల్లవాడు దారిలో పడ్డాడంటాం. మొండివాడు దారికొచ్చాడంటాం. దారీతెన్నూ లేదంటాం. అప్పుల్లోంచి గట్టెక్కామంటాం, ఒడ్డున పడ్డామంటాం. ఇవి కేవలం పోలికలనుకోవడం సహజం. మెదడు మీద జరిగిన పరిశోధనలు చూస్తే మాత్రం దీని వేళ్లు ఇంకా లోతుగా ఉన్నట్టనిపిస్తుంది. 1971లో జాన్ ఓకీఫ్, ఎలుక ఒక నిర్దిష్టమైన చోటికి వచ్చినప్పుడు మాత్రమే స్పందించే నాడీకణాలను హిప్పోకాంపస్ అనే భాగంలో కనుగొన్నారు. 2005లో నార్వేలో మోసర్ దంపతుల బృందం, నేలంతటినీ తేనెపట్టులాంటి గడులుగా కొలిచే కణాలను దాని పక్క భాగంలో చూపించింది. ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత 2016లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మనుషులకు పక్షుల బొమ్మలు చూపించి, మెడ పొడవు ఒక దిక్కుగా, కాళ్ల పొడవు ఇంకో దిక్కుగా ఊహించుకుంటూ ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు మనసులో "ప్రయాణించ"మన్నారు. కదలకుండా పడుకుని ఆలోచిస్తున్న ఆ మెదళ్లలో కూడా అదే తేనెపట్టు అల్లిక తరహా సంకేతం కనిపించింది. నేలను కొలిచే పనిముట్టునే మెదడు ఆలోచనలను కొలిచేందుకూ వాడుకుంటోందన్నమాట. అయితే నేల మీద జరిగే పొరపాట్లు బతుకులోనూ జరుగుతాయా అన్న ప్రశ్న వస్తుంది. జరుగుతాయనడానికి చుట్టూ చూస్తే చాలు.

హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాలు పోటీ పరీక్షలకు చదివే యువతతో నిండి ఉంటాయి. జిల్లాల నుంచి వచ్చి, గది పంచుకుని, లైబ్రరీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చునేవాళ్ల కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఎవరికీ తగదు. వాళ్లలో చాలామంది అడుగులు గట్టివే. నోటిఫికేషన్ వాయిదా పడటం, కేసులు, రద్దులు వాళ్ల చేతుల్లో లేనివి. అయినా నాలుగైదేళ్లు గడిచాక ఒక ప్రశ్న మిగులుతుంది: ఇది ముందుకు నడవడమా, అదే చెట్టు దగ్గరికి మళ్లీ రావడమా? లోపలి భావం దీనికి జవాబు చెప్పలేదు. రోజుకు పన్నెండు గంటలు చదివిన అలసట, గుండ్రంగా నడిచినవాడి కాళ్లలో కూడా అంతే ఉంటుంది. చెప్పగలిగేది బయటి గుర్తులే. గడియారం పెట్టుకుని రాసిన పరీక్షలో ఆరు నెలల కింద వచ్చిన మార్కులు, ఇప్పుడు వచ్చిన మార్కులు. మొహమాటం లేకుండా మాట్లాడే ఒక మనిషి. బయల్దేరే ముందే తనకు తాను రాసిపెట్టుకున్న తేదీ. మత్స్యకారుల లెక్కలో చెప్పాలంటే ఇందులోనూ కనీసం రెండు కావాలి. మార్కులొక్కటే చూస్తే ఒక్కోసారి మోసపోతాం, స్నేహితుడి మాట ఒక్కటే వింటే ఇంకోలా మోసపోతాం.

కొండల్లో తిరిగేవాళ్లు ఒక అలవాటు గురించి తరచూ హెచ్చరిస్తారు. దారి తప్పిన మనిషి ఆ సంగతి ఒప్పుకోడు. కనబడుతున్న నేలను తన చేతిలోని పటానికి సరిపెట్టుకుంటూ పోతాడు. పటంలో వాగు కుడిపక్క ఉండాలి, కానీ ఎడమపక్క ఉంది. "వానలకు వాగు మారి ఉంటుంది" అనుకుంటాడు. చెరువు ఉండాలి, లేదు. "ఎండిపోయి ఉంటుంది." ఒక్కో వివరణ విడిగా చూస్తే నమ్మదగ్గదే. అన్నీ కలిపితే మాత్రం ఆ మనిషి పటంలో లేని చోట ఉన్నాడని అర్థం. పెళ్లిలో, వ్యాపారంలో, ఆరోగ్యం విషయంలో మనిషి తనకు తాను చెప్పుకునే కారణాలు సరిగ్గా ఇలాగే ఉంటాయి. "ఈ నెల సీజన్ కాదు." "ఆయనకు ఆఫీసులో టెన్షన్, అందుకే అలా." "గ్యాస్ నొప్పే అయి ఉంటుంది." ఒక్కటి చెప్పుకుంటే తప్పు లేదు. వరసగా మూడోది చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఆగాలి.

ఆగడం అన్నది చెప్పినంత తేలిక కాదు. తప్పిపోయానని తెలిసిన క్షణంలో మనిషికి పుట్టేది పరుగు. అడుగు వేగం పెరుగుతుంది, ఏ దారి కనబడితే ఆ దారి పడతాడు, నీళ్ల సీసా ఎక్కడో వదిలేస్తాడు. అందుకే అడవుల్లో తప్పిపోయినవాళ్లను వెతికే సిబ్బంది చెప్పే మొదటి మాట కూర్చోమని. కూర్చో, నీళ్లు తాగు, చుట్టూ చూడు, ఆ తర్వాతే కదులు. అమెరికాలో హెచ్1బీ వీసా మీద పనిచేసే తెలుగువాళ్లకు ఉద్యోగం పోతే కొత్త దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. అంత తక్కువ గడువులో ఆగమనడం వినడానికి క్రూరంగానే ఉంటుంది. కానీ ఆ 60లో మొదటి ఒక్క రోజును కాగితం మీద పెట్టడం వృథా కాదు. చేతిలో ఎంత ఉంది, అద్దె ఒప్పందం ఎప్పటిదాకా, వీసా చివరి తేదీ ఏది, పిల్లల బడి సంవత్సరం ఎక్కడుంది, ఇంట్లో ఎవరికి ఇంకా చెప్పలేదు. ఆ రాత్రే మూడు వందల కంపెనీలకు దరఖాస్తులు పంపడం, చీకట్లో పరుగెత్తడం లాంటిదే. ఎక్కడున్నామో తెలియకుండా ఎటు పోవాలో తేలదు.

వెనక్కి నడవడం ఇంకా కష్టం. వచ్చిన దారినే తిరిగి వెళ్తే తెలిసిన చోటికి చేరతామని తెలిసినా, తప్పిపోయినవాళ్లలో ఆ పని చేసేవాళ్లు తక్కువ. ఇంత దూరం వచ్చాక వెనక్కా అనిపిస్తుంది. మన ఇళ్లలో దీనికి తోడు నలుగురూ ఏమంటారో అనే బరువు కూడా ఉంది. ఇంజనీరింగ్ రెండో ఏడు మానేసి వేరే చదువుకు మారిన పిల్లవాణ్ణి, విదేశం నుంచి తిరిగొచ్చి ఊళ్లో స్థిరపడినవాణ్ణి "ఏమైంది?" అని అడిగే తీరులోనే ఓడిపోయాడన్న తీర్పు ఉంటుంది. ఈ అడగటం మానుకుంటే చాలామంది ఇంకా ముందుగా, ఇంకా తక్కువ నష్టంతో వెనక్కి రాగలుగుతారు. దారి తప్పడంలో కొంత తప్పు నడిచేవాడిదైతే, తిరిగి రానీయకపోవడంలో కొంత తప్పు చూసేవాళ్లది.

పాత ప్రయాణాలను చూస్తే ఇంకో ఊరట కనబడుతుంది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి దగ్గర మొత్తం దారి పటం లేదు. బోయీలతో, పరివారంతో ఒక మజిలీ చేరాక తర్వాతి మజిలీ గురించి అక్కడివాళ్లనే అడిగి తెలుసుకుంటూ సాగాడు. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, సామాన్లు ఎక్కడ దొరుకుతాయి, ఏ ఏరు ఎలా దాటాలి అన్నవి తన తర్వాత వచ్చేవాళ్ల కోసం రాసిపెట్టాడు. ఏడాదికి పైగా పట్టిన ఆ ప్రయాణం అలా ముక్కలు ముక్కలుగానే పూర్తయింది. ఇప్పటికీ శివరాత్రికి, ఉగాదికి నల్లమలలో శ్రీశైలానికి కాలినడకన వెళ్లే భక్తులను ఎంత దూరమని అడిగితే మైళ్లలో చెప్పరు. నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాస ద్వారం అని చెబుతారు. కాళ్లు బొబ్బలెక్కినవాడికి శ్రీశైలం చాలా దూరం, పెచ్చెర్వు మాత్రం సాయంత్రానికి అందుతుంది.

ఫోన్ చూపించే దారి మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ తప్పదు. రాత్రి పూట తెలియని ఊళ్లో ఆసుపత్రి వెతుక్కునేవాడికి అది దేవుడిచ్చిన వరమే. ఐతే లండన్ టాక్సీ డ్రైవర్ల మీద జరిగిన పరిశోధన ఒకటి గుర్తుంచుకోదగ్గది. ఆ నగరంలో లైసెన్స్ కావాలంటే సుమారు 25,000 వీధులు కంఠతా రావాలి. ఏళ్లపాటు నేర్చుకుని పరీక్ష నెగ్గినవాళ్ల హిప్పోకాంపస్‌లో వెనుక భాగం పెరిగిందని 2011లో తేలింది. నేర్చుకుంటూ మధ్యలో మానేసినవాళ్లలో ఆ మార్పు లేదు. ఎవరో చెప్పిన మలుపులు తిరుగుతూ పోయేవాడు గమ్యం చేరతాడు, దారి మాత్రం అతనిది కాదు. ఇంటర్‌లో ఏ గ్రూపు, బీటెక్‌లో ఏ బ్రాంచి, ఏ దేశం, ఏ కోర్సు అని ప్రతి మలుపూ ఇంకొకరు చెప్పగా తిరిగిన పిల్లలు ఇరవై మూడేళ్లకు ఒక్కసారిగా దిక్కుతోచక నిలబడితే తప్పు పూర్తిగా వాళ్లది కాదు. చిన్న చిన్న దారులు సొంతంగా వెతుక్కునే అవకాశం వాళ్లకు ఎప్పుడూ దొరకలేదు.

ఇంతవరకూ చెప్పినదంతా బయట గుర్తు ఉంటుందన్న నమ్మకం మీద నిలిచింది. ఒక్కోసారి ఏ గుర్తూ ఉండదు. పండిట్ల వరసలోనే వచ్చిన కింథుప్ కథ అలాంటిది. సిక్కింకు చెందిన ఆయనకు చదవడం, రాయడం రాదు. టిబెట్‌లోని సాంగ్‌పో, అస్సాంలోని బ్రహ్మపుత్ర ఒకే నది అవునా కాదా తేల్చడానికి 1880లో ఒక లామాకు తోడుగా పంపారు. గుర్తు వేసిన దుంగలను పైన నదిలో వదలాలి, కింద అస్సాంలో మనుషులు కాచుకుని చూడాలి. లామా డబ్బు తగలేసి, కింథుప్‌ను బానిసగా అమ్మేసి వెళ్లిపోయాడు. కింథుప్ తప్పించుకుని ఒక మఠాన్ని ఆశ్రయించాడు, ఆ మఠాధిపతి ఆయనను కొనుక్కున్నాడు. యాత్రకని సెలవు అడిగి అడవికి వెళ్లి 500 దుంగలు కోసి దాచాడు. మళ్లీ సెలవు తీసుకుని లాసా వెళ్లి, ఫలానా రోజుల్లో వదులుతానని ఉత్తరం రాయించి పంపాడు. తిరిగి మఠానికి వచ్చి నెలల తరబడి చాకిరీ చేశాడు. చెప్పిన రోజులు రాగానే, రోజుకు 50 చొప్పున పది రోజులు దుంగలను నదిలోకి వదిలాడు.

ఆ ఉత్తరం అందాల్సిన అధికారి జబ్బుచేసి అప్పటికే దేశం విడిచి వెళ్లాడు. నది దగ్గర ఎవరూ లేరు. 500 దుంగలూ ఎవరి కంటా పడకుండా బంగాళాఖాతం వైపు కొట్టుకుపోయాయి. 1884లో తిరిగొచ్చి కింథుప్ జ్ఞాపకం మీద చెప్పిన దారి వివరాలను చాలామంది నమ్మలేదు. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే అధికారులు ఆ లోయలో నడిచి చూశారు. కింథుప్ చెప్పిన ఊళ్లు, మలుపులు దాదాపు అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. అప్పటికి ఆయన ముసలివాడయ్యాడు. డార్జిలింగ్‌లో దర్జీ పని చేసుకుంటున్నాడు.